పొయ్యి లేకుండా ఉడికే కుండ

క్రిస్మస్, సంక్రాంతి దగ్గర పడుతున్నాయంటే ఒకప్పుడు మన పల్లెల్లో ఇంటింటా వెల్ల వేసే పని మొదలయ్యేది. ఇప్పుడు డబ్బాల్లో రంగులు వచ్చేశాయి గాని, పశువుల కొట్టాలకు, ప్రహరీ గోడలకు, చెట్ల మొదళ్లకు సున్నం వేసేవారు ఇంకా ఉన్నారు. బజారు నుంచి తెచ్చిన సున్నపు గడ్డలను పాత కుండలోనో, సగానికి కోసిన డ్రమ్ములోనో వేసి నీళ్లు పోస్తారు. కాసేపు ఏమీ జరగదు. ఆ తర్వాత గడ్డలు చిటపటమని పగులుతాయి, ఆవిరి లేస్తుంది, కింద పొయ్యి లేకుండానే కుండ కుతకుత ఉడుకుతుంది. పిల్లలకు అదొక వేడుక. చుట్టూ మూగి, కుండలోకి వంగి చూస్తారు.

అలా వంగి చూడటమే ప్రమాదం. ఉడికే సున్నం నుంచి ఎగిరిన ఒక్క తుంపర కంట్లో పడి, మొదటి పది నిమిషాల్లో సరైన పని చేయకపోతే, ఆ కన్ను జీవితాంతం మసకబారిపోవచ్చు. ఆ పది నిమిషాల్లో చేయవలసిన పని చాలా సులువు, దానికి ఖర్చు కూడా లేదు. అయినా చాలామంది చేయరు. "సున్నం మీద నీళ్లు పోస్తేనే కదా ఉడికింది, కంట్లో నీళ్లు పోస్తే ఇంకా ఉడకదా?" అని భయపడతారు. ఈ ప్రశ్న అర్థం లేనిది కాదు. దీనికి సమాధానం తెలియాలంటే నీళ్లు, రసాయనాలు కలిసినప్పుడు వేడి ఎక్కడి నుంచి వస్తుందో, ఎక్కడికి పోతుందో కొంచెం తెలుసుకోవాలి.

జమాఖర్చుల లెక్క

ఇంట్లోనే చిన్న పరీక్ష చేయండి. అరచేయి తడిచేసుకొని చెంచాడు బట్టల సబ్బుపొడి వేసుకోండి. చెయ్యి కాస్త వెచ్చగా అనిపిస్తుంది. వెంటనే కడిగేసుకోండి. ఇప్పుడు శుభ్రమైన చెంచాతో కొంచెం గ్లూకోజ్ పొడి నాలుక మీద వేసుకోండి. చల్లగా ఉంటుంది. రెండూ గదిలో ఒకే అలమరలో ఉన్న పొడులే, రెండింటికీ తగిలింది కాస్త తడే. ఒకటి వేడినిచ్చింది, ఒకటి వేడిని లాక్కుంది.

దీని వెనక ఉన్నది ఒక జమాఖర్చుల లెక్క. ఉప్పు, పంచదార, గ్లూకోజ్ వంటి పదార్థాల్లో కణాలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని స్ఫటికాలుగా ఉంటాయి. నీటిలో కరగాలంటే ముందు ఆ పట్టు విడిపించాలి. అందుకు వేడి కావాలి. ఇది ఖర్చు. విడిపోయిన ప్రతి కణం చుట్టూ నీటి అణువులు చేరి దానిని పట్టుకుంటాయి. అప్పుడు వేడి వెలువడుతుంది. ఇది జమ. జమ ఎక్కువైతే ద్రావణం వేడెక్కుతుంది, ఖర్చు ఎక్కువైతే చల్లబడుతుంది. మొదటిదాన్ని ఉష్ణమోచకమని, రెండోదాన్ని ఉష్ణగ్రాహకమని మన పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. పరీక్షలో రెండు మార్కులకు రాసి మరచిపోయాం కూడా!

మన వంట ఉప్పు విషయంలో జమాఖర్చులు దాదాపు సమానం. అందుకే పులుసులో ఉప్పు వేసినప్పుడు వేడిలో తేడా మనకెప్పుడూ తెలియదు. ఒక లీటరు నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే సుమారు 4.2 కిలోజౌళ్ల వేడి కావాలి. ఈ ఒక్క అంకె గుర్తుంచుకుంటే చాలు, ఇక ముందు చెప్పే లెక్కలన్నీ సులువుగా అర్థమవుతాయి. 58 గ్రాముల ఉప్పు లీటరు నీటిలో కరిగినప్పుడు తీసుకునే వేడి 4 కిలోజౌళ్లలోపే. అంటే నీళ్లు ఒక డిగ్రీ కూడా చల్లబడవు.

సున్నం మాత్రం కరగడంతో ఆగదు. అది నీటితో కలిసి వేరే పదార్థంగా మారిపోతుంది. సున్నపురాయిని, గుల్లలను బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అలా కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు బయటకు పోయి పొడిసున్నం మిగులుతుంది. బట్టీలో పెట్టిన వేడిలో కొంత భాగం ఈ గడ్డలో అప్పులా దాగి ఉంటుంది. నీళ్లు తగలగానే గడ్డ ఆ అప్పు తీర్చేస్తుంది. ఒక కిలో మంచి పొడిసున్నం పూర్తిగా నీటిని పీల్చుకొని తడిసున్నంగా మారేటప్పుడు వెలువడే వేడి, మూడు లీటర్ల మామూలు నీటిని మరిగించడానికి సరిపోతుంది. గోనెసంచుల్లో ఉన్న పొడిసున్నాన్ని వరిగడ్డి పక్కన, వాన నీరు కారే చూరు కింద పెట్టకూడదని పెద్దలు చెప్పేది ఇందుకే. తడిసిన సున్నం వేడికి గడ్డి అంటుకునే ప్రమాదం ఉంది.

కంట్లో సున్నం పడితే

సున్నం కంటికి రెండు విధాలుగా హాని చేస్తుంది. ఉడుకుతున్న సున్నమైతే మొదట వేడి కాలుస్తుంది. రెండోది క్షారం చేసే హాని. నిజానికి ఇదే పెద్దది. క్షారం కంటి పైపొరల్లోని కొవ్వును సబ్బులా మార్చి, దారి చేసుకుంటూ లోపలికి దిగిపోతుంది. చాలా ఆమ్లాలు మాంసకృత్తులను గడ్డకట్టిస్తాయి కాబట్టి, ఆ గడ్డే కొంతవరకు అడ్డుగోడలా నిలబడి ఆమ్లాన్ని ఆపుతుంది. క్షారానికి ఆ అడ్డు లేదు. పడిన గంటల తర్వాత కూడా అది లోపలికి దిగుతూనే ఉండవచ్చు.

కిళ్లీలో వేసుకునే సున్నం చల్లారిన సున్నమే కదా అని తేలికగా తీసుకునేవారున్నారు. అది తన వేడిని ఎప్పుడో వదిలేసిన మాట నిజం. క్షారాన్ని మాత్రం వదల్లేదు. చిన్న ప్లాస్టిక్ పాకెట్లలో అమ్మే కిళ్లీ సున్నం, పొగాకు సున్నం పిల్లల చేతిలో పడితే ఏం చేస్తారో మీకు తెలుసు. రెండు వేళ్ల మధ్య పెట్టి గట్టిగా నొక్కుతారు. పాకెట్ పగిలి ముద్ద నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. మన దేశంలో పిల్లల కళ్లకు జరిగే రసాయన గాయాల్లో ఈ సున్నం పాకెట్ల గురించి కంటి వైద్యులు పదేపదే హెచ్చరిస్తున్నారు. తాతగారి తాంబూలం పెట్టె కూడా మందుల పెట్టె మాదిరే పిల్లలకు అందనంత ఎత్తులో ఉండాలి.

కంట్లో సున్నం పడగానే, ఆస్పత్రికి బయలుదేరక ముందే, అక్కడే నీళ్లతో కడగడం మొదలుపెట్టాలి. పిల్లవాడిని పడుకోబెట్టి తల దెబ్బ తగిలిన కన్ను వైపుకు వంచండి. అలా చేస్తే కడిగిన నీళ్లు రెండో కంట్లోకి పోవు. ఒకరు రెప్పలను వేళ్లతో విడదీసి పట్టుకోవాలి, ఇంకొకరు చెంబుతోనో, మగ్గుతోనో, కుళాయి కిందనో నీళ్లు ఆపకుండా ధారగా పోయాలి. అరగంట దాకా పోయండి. పిల్లవాడు ఏడుస్తాడు, గింజుకుంటాడు. ఆ ఏడుపు చూసి మానేయకండి. మంచినీళ్లయితే మంచిదే. అవి దొరక్కపోతే వాటికోసం వెతుకుతూ కూర్చోవద్దు, దగ్గరున్న శుభ్రమైన నీళ్లు వాడండి. పై రెప్ప లోపల సున్నం పలుకులు ఇరుక్కొని ఉంటాయి. కనిపిస్తే తడి గుడ్డ కొసతో మెల్లగా తుడిచేయండి. కనిపించకపోయినా ఆస్పత్రిలో రెప్ప తిప్పి చూసి తీస్తారు కాబట్టి తప్పకుండా వెళ్లాలి.

ఆముదం, నెయ్యి, చనుబాలు, నిమ్మరసం కంట్లో వేయకండి. కన్ను ఎర్రగా లేదు, తెల్లగానే ఉంది కాబట్టి ఫరవాలేదని కూడా అనుకోకండి. క్షారం పడిన కన్ను పాలిపోయినట్టు తెల్లగా కనిపిస్తే, అక్కడి రక్తనాళాలు దెబ్బతిన్నాయేమోనని వైద్యులు ఇంకా ఎక్కువగా ఆందోళన పడతారు.

ఇంకా ఉడకదా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. నీళ్లు పోస్తే ఇంకా వేడెక్కదా?

ఇక్కడ సున్నం కన్నా కాస్టిక్ సోడా లెక్క సులువు. మూసుకుపోయిన తూములు తెరుచుకోవడానికి పోసే పొడుల్లోనూ, ఇంట్లో సబ్బు చేసేవారి దగ్గరా ఇది ఉంటుంది. 40 గ్రాముల కాస్టిక్ సోడా నీటిలో కరిగితే సుమారు 44 కిలోజౌళ్ల వేడి వస్తుంది. ఆ 40 గ్రాములను ఒక లీటరు నీటిలో వేసి కలిపితే నీళ్లు 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కుతాయి. వేసవిలో కుళాయి నీళ్లు అంత వెచ్చగా ఉండటం మనకు అలవాటే. అదే 40 గ్రాములను ఒక గ్లాసు నీటిలో వేస్తే 40 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. అంటే 30 డిగ్రీలున్న నీళ్లు చెయ్యి పెట్టలేనంతగా, 70 డిగ్రీలు దాటి కాగిపోతాయి. పొడి మీద రెండు చెంచాల నీళ్లే చల్లారనుకోండి, బుసబుసమని చిమ్ముతుంది.

పొడి అదే, వెలువడే వేడీ దాదాపు అంతే. ఆ వేడిని పంచుకునే నీళ్లెన్ని అన్నదే తేడా. సున్నం కుండలో గడ్డలెక్కువ, నీళ్లు తక్కువ. కాబట్టి ఉడుకుతుంది. కంట్లో పడినది గోరంత సున్నం, మనం పోసేది బిందెల కొద్దీ నీళ్లు. వేడి పుట్టినా దానితోపాటే కొట్టుకుపోతుంది, క్షారం కూడా కొట్టుకుపోతుంది. ప్రమాదమంతా కొద్ది తడిలోనే ఉంది. కంటిలో ఊరే కన్నీరు, చంకల్లో చెమట, తడిగుడ్డతో ఒక్కసారి అద్దడం, ఇవన్నీ ఆ కొద్ది తడి కిందికే వస్తాయి. భయపడి నీళ్లు పోయకుండా ఆపినంత మాత్రాన కన్ను పొడిగా ఉండదు కదా!

ఒంటి మీద పొడిసున్నమో, కాస్టిక్ పొడో పడితే మాత్రం ఒక చిన్న తేడా ఉంది. ముందు పొడి గుడ్డతోనో, మెత్తటి బ్రష్షుతోనో దులిపేయండి. పొడి పడిన చొక్కా, బూట్లు, మొలతాడు తీసేయండి. అప్పుడు కుళాయి కింద నిలబడి ధారాళంగా కడగండి. దులపడానికి ఒక నిమిషం చాలు, ఆ పేరుతో ఆలస్యం చేయవద్దు. కంటికి మాత్రం ఈ దులపడం లేదు, మొదటి క్షణం నుంచి నీళ్లే.

"క్షారానికి విరుగుడు ఆమ్లం కదా, వెనిగరో నిమ్మరసమో పోస్తే సరిపోతుందేమో" అని చదువుకున్నవారే అడుగుతుంటారు. ఆమ్లం, క్షారం కలిసినప్పుడూ వేడి పుడుతుంది. ఉన్న కాలుడుకు ఇంకో కాలుడు తోడవుతుంది. గాయం మీద రసాయన శాస్త్రం పరీక్షలు వద్దు. పొరపాటున ఎవరైనా కాస్టిక్ సోడా గాని ఆమ్లం గాని మింగితే కూడా ఇదే మాట. వాంతి చేయించవద్దు, విరుగుడు పేరుతో ఏదీ తాగించవద్దు, ఆ సీసా వెంట పట్టుకొని ఆస్పత్రికి రండి.

బ్యాటరీ షాపుల్లో పనిచేసే కుర్రవాళ్లకూ ఈ లెక్క అవసరం. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలినన్ని నీళ్లలో కలిసినప్పుడు, కేవలం 50 మిల్లీలీటర్ల ఆమ్లం నుంచి సుమారు 90 కిలోజౌళ్ల వేడి రావచ్చు. పావులీటరు నీటిని మరిగించడానికి అంత కూడా అక్కర్లేదు. పైగా ఈ ఆమ్లం నీటికన్నా 1.84 రెట్లు బరువు. ఆమ్లం ఉన్న జాడీలో నీళ్లు పోస్తే, తేలికైన నీళ్లు అడుక్కి దిగకుండా పైనే నిలుస్తాయి. రెండూ కలిసిన ఆ పలుచటి పొరలోనే వేడంతా పుట్టి, నీళ్లు ఒక్కసారిగా మరిగి, ఆమ్లాన్ని మోసుకొని ముఖం మీదికి చిమ్ముతాయి. అందుకే ఎప్పుడైనా నీళ్లు ముందు, ఆమ్లం తర్వాత, అదీ కొద్దికొద్దిగా కలుపుతూ. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి మనం పోయవలసింది డిస్టిల్డ్ వాటర్ ఒక్కటే. ఆమ్లం కలిపే పని అసలు మనది కాదు.

కట్టు వేడెక్కితే కంగారు ఎందుకు?

చెయ్యి విరిగి వచ్చిన పిల్లలకు సిమెంటు కట్టు వేస్తుంటే అయిదు నిమిషాలకే "అమ్మా, కాలుతోంది" అంటారు. తల్లి కంగారుపడుతుంది. మనం సిమెంటు కట్టు అనేది నిజానికి సిమెంటు కాదు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్. జిప్సం అనే రాయిని సుమారు 150 డిగ్రీల వరకు వేడిచేస్తే, దానిలో ఉన్న నీటిలో నాలుగింట మూడు వంతులు ఆవిరైపోయి తెల్లటి పొడి మిగులుతుంది. ఆ పొడి పట్టించిన గుడ్డను నీటిలో ముంచితే పోయిన నీటిని మళ్లీ పీల్చుకొని రాయిలా గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు తీసుకున్న వేడిని తిరిగి ఇస్తుంది. సున్నం చేసిన పనే ఇది, చాలా మెత్తగా. 1851లో మాథిసెన్ అనే డచ్చి సైనిక వైద్యుడు ఈ కట్టును రూపొందించాడు. ఇన్నేళ్లు గడిచినా, ఫైబర్ కట్లు వచ్చినా, చవకగా, నమ్మకంగా పనిచేసేది ఇప్పటికీ ఇదే.

కాబట్టి కట్టు వేసిన పది పదిహేను నిమిషాలు గోరువెచ్చగా ఉండటం సహజం. అయితే ఈ వెచ్చదనం హద్దు దాటే సందర్భాలున్నాయి. కట్టు పొరలు మరీ మందంగా వేసినా, ముంచే నీళ్లు వేడిగా ఉన్నా, ఒకరికి ముంచిన పిండినీళ్లలోనే ఇంకొకరి కట్టు ముంచినా వేడి పెరుగుతుంది. మన ఇళ్లలో జరిగే పొరపాటు ఇంకొకటి. కట్టు వేయించుకొని రాగానే చెయ్యిని మెత్తటి దిండు మీద పెట్టి, పైన దుప్పటి కప్పుతారు. ప్రేమతోనే చేస్తారు గాని, బయటకు పోవలసిన వేడి పోకుండా ఆగి చర్మం మీదే ఉండిపోతుంది. తడి ఆరేదాకా కట్టుకు గాలి తగలనివ్వండి, ఫ్యాన్ గాలి చాలు. ప్లాస్టిక్ కవరు చుట్టవద్దు. పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఓర్చుకోలేనంతగా కాలుతుంటే "కాసేపు ఓపిక పట్టు" అని పిల్లవాడిని గదమాయించకండి, వేసినవారికే వెంటనే చెప్పండి.

ఈ పొడి ఎంత వేడెక్కగలదో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో 2007లో జరిగిన దుర్ఘటన చెబుతుంది. బడిలో బొమ్మలు చేసే తరగతిలో 16 ఏళ్ల బాలిక తన చేతుల అచ్చు తీయాలని బకెట్‌లో కలిపిన ప్లాస్టర్ ముద్దలో రెండు చేతులూ పెట్టింది. ముద్ద గట్టిపడి చేతులు బయటకు రాలేదు. లోపల వేడి పెరుగుతూ పోయింది. చివరకు ఆ పిల్ల చాలా వేళ్లు పోగొట్టుకుంది. పలుచటి కట్టులో గాలికి పోయే వేడి, బకెట్‌నిండా ఉన్న ముద్ద మధ్యలో ఎక్కడికీ పోలేదు. మన బడుల్లోనూ, వినాయక చవితి బొమ్మలు పోసే చోట్లా పిల్లలు ఈ పొడితో ఆడుతుంటారు. వేళ్లు గాని, చెయ్యి గాని ముద్దలో పెట్టి అచ్చు తీయడం మాన్పించండి.

ఒక్క మాట మరవద్దు. కట్టు వేడి మొదటి అరగంటకే పరిమితం. ఆ రాత్రో, మరునాడో కట్టు లోపల మంట, భరించలేని నొప్పి, వేళ్లు ఉబ్బడం, నీలంగా మారడం, తిమ్మిరి, కదపలేకపోవడం ఉంటే అది ప్లాస్టర్ వేడి కాదు. కట్టు బిగుసుకొని రక్తప్రసరణ ఆగిపోతోందన్న గుర్తు. తెల్లవారేదాకా చూద్దామని ఆగవద్దు.

చల్లబరిచే పదార్థాలు

ఇంతవరకు జమ ఎక్కువైన సంగతులు చెప్పుకున్నాం. ఖర్చు ఎక్కువైన వాటిలో మన రైతులకు బాగా తెలిసినది యూరియా. కిలో యూరియాను రెండు లీటర్ల నీటిలో కలిపి చూడండి, బకెట్ బయట చెమ్మ పడుతుంది. చల్లటి కుండలా ఉంటుంది. ఎండలో అలసి వచ్చిన పశువు ఆ చల్లటి నీళ్లు చూసి మూతి పెడితే కడుపు ఉబ్బి, వణికి, గంటల్లో చనిపోవచ్చు. పొలంలో యూరియా కలిపిన బకెట్లను మూత లేకుండా వదలకండి. పశువు తాగినట్టు అనుమానం వస్తే వెంటనే పశువైద్యుడిని పిలవండి.

పెట్లుప్పుకూ ఇదే గుణం ఉంది. సురేకారం అని కూడా అంటాం. ఐస్ లేని రోజుల్లో ఢిల్లీ, ఆగ్రా పాదుషాలు మంచినీళ్లు చల్లబరుచుకున్నది దీనితోనే. మూత బిగించిన పాత్రలో తాగేనీళ్లు పోసి, ఆ పాత్రను పెట్లుప్పు కలిపిన నీళ్లలో పెట్టి కాసేపు తిప్పేవారని అబుల్ ఫజల్ అయిన్-ఇ-అక్బరీలో రాశాడు. 1586 ప్రాంతంలో అక్బర్ పరివారం పంజాబ్‌కు మారాక, హిమాలయాల మంచు వాడకంలోకి వచ్చిందట. తుపాకిమందులో వాడే ఉప్పును దాహం తీర్చుకోవడానికి వాడటం ముచ్చటగా లేదూ!

ఇప్పుడు మందుల షాపుల్లో, ఆటగాళ్ల సంచుల్లో కనిపించే తక్షణ కోల్డ్ ప్యాక్ ఆ పాత్రకు మనవడే. సంచిలో యూరియానో, అమ్మోనియం నైట్రేటో పొడిగా ఉంటుంది, లోపల చిన్న నీళ్ల సంచి వేరుగా ఉంటుంది. గుద్దితే లోపలి సంచి పగిలి రెండూ కలుస్తాయి. నిమిషం తిరగకముందే ఐస్ ముక్కలా చల్లబడి, పావుగంట ఇరవై నిమిషాలు అలాగే ఉంటుంది. కాలు బెణికినప్పుడు పనికొస్తుంది. కాని నేరుగా చర్మానికి ఆనించకూడదు, మధ్యలో పలుచటి గుడ్డ ఉండాలి. చక్కెర రోగంతో కాళ్లు తిమ్మిరెక్కినవారు అసలు వాడవద్దు, చర్మం మొద్దుబారి చలికి దెబ్బతిన్నా వారికి తెలియదు. కాలిన గాయం మీద కూడా ఇది పెట్టకండి. కాలిన చోట మామూలు కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు ధారగా పోయాలి. ఐస్ గాని, టూత్‌పేస్ట్ గాని, ఇంకు గాని వద్దు.

గ్లూకోజ్ చలవ చేస్తుందా?

చివరిగా నాలుక మీద చల్లగా తగిలిన ఆ గ్లూకోజ్ సంగతి. ఎండాకాలం వచ్చిందంటే మన ఇళ్లలో గ్లూకోజ్ డబ్బా తప్పనిసరి. "చలవ చేస్తుంది" అని నమ్మకం. ఆ చల్లదనం అబద్ధం కాదు. చెంచాడు పొడి, నాలుక మీద ఉన్న ఒకటి రెండు చుక్కల లాలాజలంలో కరుగుతుంది. కొద్ది తడి, ఎక్కువ పొడి. సున్నం కుండలో ఏ లెక్క పనిచేసిందో ఇక్కడ అదే తిరగబడి పనిచేస్తోంది.

మరి లీటరు నీటిలో కలిపితే? ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన ఒక ఓఆర్ఎస్ పొట్లంలో 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి. మొత్తం 20.5 గ్రాములు. ఇదంతా లీటరు నీటిలో కరిగినప్పుడు గ్లూకోజ్, పొటాషియం లవణం తీసుకునే వేడి ఒక కిలోజౌల్ చుట్టుపక్కలే. అంటే నీళ్లు చల్లబడేది డిగ్రీలో మూడో వంతు కన్నా తక్కువ. థర్మామీటరు పెట్టి జాగ్రత్తగా చూస్తే తప్ప తెలియదు. ఓఆర్ఎస్ గొప్పతనం చలవలో లేదు. గ్లూకోజ్ పేగుల్లో ఉప్పును, ఉప్పుతోపాటు నీటిని రక్తంలోకి లాక్కెళ్తుంది. అందుకే విరేచనాలతోనో, చెమటతోనో ఒట్టిపోయిన ఒంటికి అది ప్రాణం పోస్తుంది. పొట్లం మీద రాసిన కొలత ప్రకారమే నీళ్లు కలపండి. చిక్కగా ఉంటే బలమని తక్కువ నీళ్లలో కలిపితే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఒట్టి గ్లూకోజ్ నీళ్లలో ఆ ఉప్పు ఉండదు, కాబట్టి అవి ఓఆర్ఎస్‌కు బదులు కావు.

ఈ తేడా ఎందుకింత చెప్పవలసి వస్తోందంటే, వడదెబ్బ తగిలినవారికి గ్లూకోజ్ తాగించి, ఇక చల్లబడతారులే అని కూర్చునేవారున్నారు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. వడదెబ్బ తగిలిన ఒంటి వేడి 40 డిగ్రీలు దాటిపోయి ఉంటుంది. 60 కిలోల మనిషిని రెండు డిగ్రీలు చల్లబరచాలంటే సుమారు 400 కిలోజౌళ్ల వేడి బయటకు పోవాలి. గ్లాసుడు నీళ్లలో గ్లూకోజ్ కరిగేటప్పుడు తీసుకునేది అందులో చాలా కొద్ది భాగమే. అంత వేడిని లాగేయగలిగింది ఒంటి మీద నుంచి ఆవిరయ్యే నీరే. 200 గ్రాముల నీళ్లు చర్మం మీద ఆరిపోతే చాలు, 400 కిలోజౌళ్లకు పైగా పోతుంది.

కాబట్టి మాట తడబడుతున్నా, మనిషి తికమకపడుతున్నా, స్పృహ తప్పినా, ముందు నీడకు చేర్చి బట్టలు వదులు చేయండి. ఒళ్లంతా నీళ్లతో తడిపి విసనకర్రతోనో, ఫ్యాన్‌తోనో ఆపకుండా గాలి కొట్టండి. ఆరిపోతే మళ్లీ తడపండి. మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డలు పెట్టండి. 108కి ఫోన్ చేయండి. స్పృహలో లేనివారి నోట్లో ఏదీ పోయవద్దు. తెలివి వచ్చి తానే గ్లాసు పట్టుకొని తాగగలిగితే, అప్పుడు ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించవచ్చు.